సంగటి తిన్నాం కదా... మాత్ర ఎందుకు?

సరిహద్దు పల్లెల్లో పెద్దల ఆరోగ్యం

హోసూరు: పొద్దున ఎనిమిదయ్యేసరికి మా అవ్వ పొయ్యి ముందు ఉండేది. కుండలో ఎసరు తెర్లుతుంటే రాగిపిండి పోసి, సంగటికట్టెతో గట్టిగా గెలికి, చెయ్యి తడుపుకుంటూ ముద్దలు కట్టేది. పక్కన ఉలవచారో, అనపగింజల పులుసో ఉండేది. డెబ్బై ఆరేళ్ల వయసులో కూడా చేనికి నడిచిపోయి నడిచి వచ్చేది. ఎవరైనా ‘ఈ వయసులో ఇంత గట్టిగా ఉండావే’ అంటే ఒకటే జవాబు. ‘సంగటి తినే ఒళ్లు ఇది!’

ఆ ఒంటికే బీపీ ఉందని ఒక కంటి శిబిరంలో తేలింది. డాక్టరు మాత్రలు రాశారు. మూడు నెలలు వేసుకుంది. తల బరువు తగ్గింది, బాగా నిద్ర పట్టింది. దాంతో మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. అడిగితే ‘ఇప్పుడు బాగుండాను కదరా, మాత్ర ఎందుకు?’ అంది. మాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఒక తెల్లవారుజామున చెంబు పట్టుకోబోతే కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట ముద్దగా వచ్చింది. గాలి సోకిందన్నారు కొందరు. నూనె కాచి రుద్దాం. ఊళ్లో నాటు వైద్యం చేసే ఆయన కోసం మనిషిని పంపాం. ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం అయింది. ఆ తర్వాత అవ్వ నాలుగేళ్లు బతికింది గానీ సంగటి మాత్రం మళ్లీ గెలకలేదు.

ఇది పదిహేనేళ్ల కిందటి మాట. ఈ పేజీ కోసం హోసూరు, సూళగిరి, బాగలూరు, వేపనపల్లి పక్క పల్లెలు తిరుగుతుంటే ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఇలాంటి కథ ఒకటి వినిపిస్తోంది. గడప మారుతుంది, అవ్వ మారుతుంది. మాత్ర మానేసిన సంగతి మాత్రం మారదు.

రాగుల్లో ఏముంది, ఏం లేదు

సంగటి గొప్పతనాన్ని కాదనేవాళ్లు లేరు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. పీచు కూడా బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎముకలు గుల్లబారే వయసులో ఇంతకు మించిన చవకైన ధాన్యం దొరకదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నం వాళ్లు కూడా రాగులు కొంటున్నారు. మన కోలారు, కృష్ణగిరి వాళ్లకు అది కొత్త సంగతేం కాదు.

అయితే చాలామందికి తెలియని మాట ఒకటుంది. ఒంటికిచ్చే శక్తిలో రాగికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు. ‘షుగరు ఉంది, అందుకే అన్నం మానేసి రెండు పెద్ద ముద్దలు తింటున్నా’ అనేవాళ్లు లెక్క తప్పుతున్నారు. రాగి కూడా పిండిపదార్థమే. మెత్తగా ఆడించిన పిండితో పల్చగా కాచిన జావ తాగితే, అందులో బెల్లం కూడా వేస్తే, రక్తంలో చక్కెర చకచకా పెరుగుతుంది. ముద్ద చిన్నదిగా ఉండాలి. పక్కన పప్పు, ఆకుకూర ఎక్కువగా ఉండాలి. మన పెద్దలు సంగటిని ఒట్టిగా తినలేదు. ఉలవలు, అనపలు, కలగూర ఆకు, మునగాకు పక్కన ఉండేవి. వంద గ్రాముల రాగుల్లో మాంసకృత్తులు ఏడు గ్రాములే. అదే ఉలవల్లో దాదాపు ఇరవై రెండు. వయసు మీదపడే కొద్దీ కండ కరుగుతుంది కాబట్టి పెద్దవాళ్లకు పప్పు, గుడ్డు, పాలు, చేప మరింత అవసరం. ఇళ్లల్లో జరిగేది మాత్రం దీనికి తలకిందులు. ‘ముసలి ప్రాణానికి ఇంత గంజి చాలు’ అని గుడ్డు పిల్లలకు పెట్టి, అవ్వకు చారన్నం పోస్తారు. అవ్వ కూడా అలాగే సర్దుకుంటుంది.

ఇంకో సంగతి. వెనకటి రోజుల్లో ఆ రెండు ముద్దలు అరిగేంత పని ఉండేది. కలుపు తీయడం, నీళ్లు చేదడం, పిండి విసరడం, సంతకు నడవడం. ఇప్పుడు హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. చేలు లేఅవుట్లయ్యాయి. బోరు స్విచ్చి వేస్తే నీళ్లు, మిక్సీ వేస్తే పిండి. ముద్ద సైజు మాత్రం తగ్గలేదు. పనిలేని ఒంట్లో అది ఎక్కడికి పోతుంది? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. రోజూ అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు కాస్త వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగానికి కొలత.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. మన ఇళ్లల్లో సంగటిలో ఉప్పు, పులుసులో ఉప్పు, పక్కన ఊరగాయ, అప్పడం, ఎండుచేప, ఊరమిరపకాయ. లెక్క ఎక్కడికి పోతుందో ఎవరింట్లో వాళ్లు చూసుకోవచ్చు. ఊరగాయ పూర్తిగా మానమంటే ఏ అవ్వా వినదు. పూటకు బదులు వారానికి రెండుసార్లు అంటే వింటుంది.

నొప్పి లేని జబ్బు

మాత్రలు ఎందుకు మానేస్తారు? కారణం తేలికే. బీపీకి నొప్పి లేదు. పన్నునొప్పి వస్తే మందు వెతుక్కుంటూ పోతాం, బీపీ అయితే ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. లోపల రక్తనాళాలు గట్టిపడతాయి, మూత్రపిండాలు, గుండె, కంటి నరాలు దెబ్బతింటాయి. బయటికి తెలిసే రోజుకి పక్షవాతమో గుండెపోటో అవుతుంది. మాత్ర వేసుకుంటే బీపీ అదుపులో ఉంటుంది గానీ జబ్బు పోదు. మాత్ర ఆపితే మళ్లీ ఎక్కుతుంది. ‘బాగుంది కాబట్టి ఆపాను’ అనేవాళ్లు నిజానికి మాత్ర వల్లే బాగున్నారు.

ఇంకొందరు వేరే కారణంతో మానేస్తారు. బీపీకి ఎక్కువగా వాడే అమ్లోడిపిన్ మాత్రతో కొందరికి చీలమండలు వాస్తాయి. ‘మందు పడలేదు’ అని పారేస్తారు. ఆ సంగతి డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మాత్ర రాస్తారు. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే అదీ చెప్పాలి. చెప్పకుండా ఆపేయడమే ప్రమాదం. పైచిలుకు 140, కింద 90 దాటి పదే పదే చూపిస్తుంటే మందు గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అరగంట లోపల కాఫీ తాగి ఉండకూడదు, బీడీ కాల్చి ఉండకూడదు. బస్సు దిగి పరుగున వచ్చి చెయ్యి చాపితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు.

మా అవ్వ విషయంలో మేం చేసిన రెండో తప్పు ఆలస్యం. మూతి ఒకవైపు జారడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా నూనె రుద్దే పని పెట్టుకోకూడదు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకంటే ముందు స్కానింగ్ జరగాలి. కాబట్టి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. 108 తమిళనాడులోనూ కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ పనిచేస్తుంది. మగత ఉన్న మనిషి నోట్లో నీళ్లు గానీ సోడా గానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సామనపల్లిలో మొదలైంది

తమిళనాడు ప్రభుత్వం ఇంటి గడపకే వైద్యం అంటూ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది. ఎక్కడో కాదు, మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. నలభై ఐదేళ్లు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే బీపీ, షుగరు చూసి, జబ్బు ఉన్నవాళ్లకు మాత్రలు తెచ్చిచ్చే పని ఊళ్లోని మహిళా ఆరోగ్య వాలంటీర్లకు అప్పగించారు. మంచం పట్టినవాళ్లకు ఫిజియోథెరపీ, ఉపశమన చికిత్స కూడా ఇందులో భాగమే. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి విభాగం నుంచి అవార్డు వచ్చింది. అదే ఏడాది కర్ణాటక ‘గృహ ఆరోగ్య’ అనే ఇలాంటి పథకాన్ని కోలారు జిల్లాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అంటే రెండు రాష్ట్రాలూ ఈ పనికి మొదట ఎంచుకున్నది తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న మన జిల్లాలనే. కాకతాళీయమే కావచ్చు. మనకు మాత్రం మంచిదే.

మాత్ర గడప దాకా వస్తోంది సరే, గడప మీద అవ్వ ఉంటోందా? సరిహద్దు కుటుంబాల తిప్పలు ఇక్కడే. పెద్దకొడుకు బెంగళూరులో, చిన్నకొడుకు హోసూరులో, కూతురు కుప్పంలో. అవ్వ రెండు నెలలు ఇక్కడ, నెల అక్కడ. ఉగాదికి ఒకచోట, సంక్రాంతికి ఇంకోచోట. బట్టల సంచి వెంట పోతుంది గానీ మాత్రల డబ్బా కిటికీలోనే ఉండిపోతుంది. కొత్త ఊళ్లో కొత్త డాక్టరు, కొత్త కంపెనీ పేరుతో కొత్త మాత్ర. తిరిగి ఇంటికొస్తే పాతది, కొత్తది రెండూ వేసుకుంటుంది. రెండింటిలో ఉన్న మందు ఒకటే అని ఎవరూ చెప్పరు. బీపీ దిగిపోయి కింద పడిన పెద్దవాళ్లున్నారు.

దీనికి మందు చీటీయే. మాత్ర అట్ట మీద కంపెనీ పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే ముఖ్యం. ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఒక కాగితం మీద రాసి అవ్వ సంచిలో పెట్టండి. ఫోనులో ఫొటో తీసి ముగ్గురు పిల్లల దగ్గరా ఉంచుకోండి. ఏ రాష్ట్రం డాక్టరైనా చదవగలిగేది అదొక్కటే. ఊరు మారేటప్పుడు కనీసం నెలకు సరిపడా మాత్రలు వెంట ఉండాలి.

చలి వేరు... సళి వేరు

రాష్ట్రం దాటిన తెలుగు పెద్దలకు ఇంకో గండం ఉంది. జబ్బు చెప్పుకునే భాష. సంతలో బేరమాడేంత తమిళం మన తాతలకు వచ్చు. లోపలి బాధ చెప్పడానికి ఆ తమిళం చాలదు. ‘చలిగా ఉందమ్మా’ అని అవ్వ అంటుంది. కొత్తగా వచ్చిన నర్సమ్మకు అది ‘సళి’ అని వినపడుతుంది. తమిళంలో సళి అంటే కఫం, జలుబు. జ్వరంతో వణికే మనిషికి దగ్గుమందు ఇచ్చే ప్రమాదం ఉంది. తమిళంలో వణుకు పుట్టించే చలిని ‘కుళిరు’ అనాలి. కన్నడంలో ‘చళి’ అంటే మనలాగే చలి, అక్కడ ఈ బాధ లేదు. మనం మైకం అంటే మత్తు, మగత. తమిళుల ‘మయక్కం’ కళ్లు తిరగడానికీ స్పృహ తప్పడానికీ రెండింటికీ వాడే మాట. గుండెలో నొప్పిని తమిళంలో ‘నెంజు వలి’ అనాలి, కన్నడంలో ‘ఎదె నోవు’. ఈ రెండు మాటలైనా ఇంట్లో ప్రతి పెద్దమనిషికీ నేర్పించాలి. షోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా... ఎక్కడివాళ్లు అక్కడి మాట నేర్చుకోవాలి. యానాం వాళ్లకు ఈ తిప్పలు లేవు, అదృష్టవంతులు.

చాలా ఇళ్లల్లో ఈ పని మనవడి మీద పడుతోంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో పిల్లలందరూ తమిళం చదువుతున్నారు. కాబట్టి అవ్వ వెంట దుబాసీగా పదేళ్ల కుర్రాడు పోతున్నాడు. కాలునొప్పి, జ్వరం అయితే సరే. మూత్రం ఆపుకోలేకపోవడం, గర్భసంచి జారడం లాంటివి మనవడి ముందు ఏ అవ్వ చెబుతుంది? చెప్పదు. నీళ్లు తాగడం తగ్గిస్తుంది, ఇల్లు కదలడం మానేస్తుంది. ఈ రెండింటికీ వైద్యం ఉంది, ముసలితనం అని ఊరుకోవాల్సినవి కావు. ఆడవాళ్ల బాధలకు ఇంట్లోని ఆడమనిషి వెంట పోవడం మంచిది. పీహెచ్‌సీలో తెలుగు మాట్లాడే నర్సమ్మ ఉంటే ముందే కనుక్కోవడం ఇంకా మంచిది. ఈ ప్రాంతంలో వెతికితే దొరుకుతారు.

నీళ్లల్లోని నొప్పి

మోకాళ్లు, నడుము, మెడ. అరవై దాటాక ఇవి నొప్పి పెట్టని మనిషి అరుదు. కానీ ఈ నేలమీద ప్రతి నొప్పినీ వయసు ఖాతాలో రాయకూడదు. ధర్మపురి, కృష్ణగిరి, కోలారు, పావగడ బోరునీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లున్నాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, వెన్ను బిగుసుకుంటుంది, మెడ తిప్పలేరు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్లిచ్చే హొగేనకల్ పథకం 2013లో ప్రారంభమైంది ఈ బాధ వల్లే. కుళాయిలో ఆ నీళ్లు వస్తున్నా, ‘బోరు నీళ్లే రుచి’ అని తాగే పెద్దవాళ్లున్నారు. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ కుళాయి నీళ్లు, మిగతా వాడకానికి బోరు నీళ్లు అని ఇంట్లో బిందెలు వేరు చేసుకుంటే సరిపోతుంది.

నొప్పి అనగానే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఇంకో చిక్కు. చాలా నొప్పిమాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బీపీ మాత్ర మానేసి నొప్పి మాత్ర మింగే ఇళ్లు ఎన్ని లేవు! ఆకువక్కలో పొగాకు వేసుకునే అవ్వలకు కూడా ఒక మాట. ఆకు, వక్క, సున్నం, పొగాకు కలిసి నోటి క్యాన్సర్‌కు దారి వేస్తాయి. మూడు వారాలకు మించి మానని నోటిపుండు ఉంటే చూపించుకోవాల్సిందే.

పడకుండా... పలకరిస్తూ

కాళ్లల్లో బలం ఉన్నంతవరకే తన బతుకు తన చేతుల్లో. నేలమీద కూర్చుని భోంచేసి, చెయ్యి ఆనించకుండా లేచే పెద్దవాళ్లను చూడండి. అది ఊరికే వచ్చింది కాదు, రోజూ చేయడంతో నిలిచింది. అలవాటు తప్పినవాళ్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పూటకు పదిసార్లు చేయొచ్చు. గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం కూడా మంచిదే. రాత్రి పూట, తడిసిన బాత్రూములో పడే ప్రమాదం ఉంది. అక్కడ ఒక చిన్న లైటు, పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ ఉంటే చాలు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోది కాదు. కంటిలో శుక్లం ఉంటే తీయించుకోవాలి. మెట్టు కనపడక పడేవాళ్లున్నారు.

చెవి సంగతి ఎవరూ పట్టించుకోరు. 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం మార్చుకోగలిగే పద్నాలుగు కారణాలు చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఉంది, ఒంటరితనం ఉంది, బీపీ, షుగరు కూడా ఉన్నాయి. మన ఇళ్లల్లో ఒంటరితనం వేరే రకం. ఇంటినిండా మనుషులే ఉంటారు. కొడుకు కోడలితో తమిళం, పిల్లలు తమలో తాము ఇంగ్లీషు, టీవీలో ఇంకేదో. తాత అరుగు మీద తెలుగులో ఒక్కడే. పొద్దున లేచింది మొదలు తన భాషలో పది మాటలు మాట్లాడని రోజులు గడుస్తాయి. ఊళ్లో భజన గుడి ఉంటే, శనివారం నలుగురు చేరే చోటుంటే ఆ తాత నడుస్తాడు, మాట్లాడతాడు, వారం తప్పితే ఎవరో ఒకరు ‘ఏం రాలేదు?’ అని అడుగుతారు. ఇంట్లో చెప్పుకోలేని కష్టం ఉంటే 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది. ఏ రాష్ట్రంలో నుంచి చేసినా ఉచితమే.

మనవళ్లకు తెలుగు చదవడం రాకపోయినా మాట్లాడటం వచ్చు. మాత్రల అట్ట మీది తమిళం, ఇంగ్లీషు చదివి, ‘అవ్వా, ఇది పొద్దునది, ఇది రాత్రిది’ అని చెప్పే పని వాళ్లకు అప్పగించవచ్చు. వేపనపల్లి వైపు ఒక ఇంట్లో కిటికీలో రెండు కొబ్బరి చిప్పలు కనిపించాయి. ఒకదాని మీద సున్నంతో సూర్యుడు, ఇంకోదాని మీద చంద్రుడు. చదువు రాని అవ్వ కోసం మనవరాలు గీసిందట. పొద్దున పదిన్నరకు సూర్యుడి చిప్ప ఖాళీగా ఉంది.